మా బీరువాలో దాచిన కథల పుస్తకము

రెండు సంవత్సరముల క్రిందట, శ్రమల దినములలో ఒక బుధవారము ప్రార్థన కూటము ముగిసి అందరు చెప్పులు వేసుకొని వెళ్లిపోతుండగా, మా సంఘములోని ఒక సహోదరుడు మాత్రము వెనుక ఉండిపోయారు. గుడ్డ సంచిలో నుండి ఒక ఇంగ్లీషు పుస్తకము తీసి మా బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఇది మా ఇంట్లో దొరికింది. మా పాప చదువుతున్నది. మంత్రాల పుస్తకమని అంటున్నారు. ఏటి సెయ్యమంటారో మీరే సెప్పండి" అన్నారు. అట్ట మీద కళ్లజోడు పెట్టుకొన్న ఒక అబ్బాయి బొమ్మ, వాని వెనుక పొగ విడుస్తున్న ఎర్రని రైలు ఇంజను ఉన్నవి. హారీ పోటర్ అను కథలలో అది మొదటి పుస్తకము.

ఆ పేరు మేము అంతకు ముందే విన్నాము. అమెరికాలో 2000 నుండి 2009 వరకు, గ్రంథాలయముల నుండి తీసివేయవలెనని ఎక్కువమంది కోరిన పుస్తకముల పట్టికలో ఈ కథలదే మొదటి స్థానము. ఆ సంగతి ఎక్కడనో చదివి గుర్తు పెట్టుకొన్నాము గాని, పుస్తకమును మాత్రము ఎన్నడు తెరచి చూడలేదు. అయినను ఆ వచ్చే ఆదివారము ప్రసంగములో పిల్లల చదువు గూర్చి మాట్లాడుతూ, ఇట్టి పుస్తకములు మన ఇండ్లలో ఉండరాదని గట్టిగా చెప్పాము. పుస్తకమును మా బీరువాలో పెట్టి తాళము వేశాము.

ఆ పాప స్త్రీల వైపు రెండవ వరుసలో కూర్చొని ఉన్నది. ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఆమె తల వంచుకొనుట చూశాము. ఆమె తన తప్పు తెలుసుకొన్నదని అనుకొన్నాము. సండే స్కూలులో చిన్నపిల్లలను కూర్చోబెట్టి, అల్లరి చేసేవారిని సముదాయించి, చాపలు మడత పెట్టే పిల్ల ఆమెయే. తరువాతి ఆదివారము రాలేదు. ఆ తరువాతి ఆదివారమును రాలేదు. ఆరాధనకు వచ్చి వెనుక కూర్చొని, ముగింపు ప్రార్థన కాగానే వెళ్లిపోయేది. మా సతీమణి అడిగితే, "పరీక్షలండి" అన్నది.

వానకాలములో ఒక రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టక, చార్జింగు లైటు వెలుగులో బీరువా తెరచి ఆ పుస్తకము తీశాము. మా ఇంగ్లీషు అంతంత మాత్రమే. డిప్లొమా చదువుకొన్న దినములలో వ్యాఖ్యాన గ్రంథములను నిఘంటువు పక్కన పెట్టుకొని చదివినవారమే గాని, కథల పుస్తకములు చదివిన అలవాటు లేదు. ఖండించుటకు ఆధారములు వెదకవలెనన్నదే మా ఉద్దేశము. పెన్సిలు కూడ చేతిలో ఉన్నది.

పెన్సిలుతో గీత గీయవలసిన అవసరము మొదటి అధ్యాయములలో మాకు రాలేదు. అక్కడ ఉన్నది తల్లిదండ్రులు లేని ఒక పిల్లవాడు. తల్లి తోబుట్టువు ఇంట పెరుగుతున్నాడు. మెట్ల క్రింద అలమరాయే వాని పడక. ఆ ఇంటి పిల్లవాడు తొడిగి విడిచిన బట్టలే వాని బట్టలు. వాని పుట్టినరోజు ఎవరికిని గుర్తు లేదు. అక్కడకు వచ్చేసరికి మేము పుస్తకము మూసి, కొంతసేపు వాన శబ్దము వింటూ కూర్చున్నాము.

ఎందుకనగా ఆ పాపకు తల్లి లేదు. ఉద్దానములో ఎన్నో ఇండ్లకు తెలిసిన ఆ మూత్రపిండముల జబ్బుతోనే ఆమె తల్లి కన్నుమూసినది. ఆమెను సమాధి చేసిన దినమున వాక్యము చెప్పినది మేమే. తండ్రి గుజరాతులోని వేరావల్ రేవులో చేపల పడవ మీద పని చేస్తారు. ఆగస్టులో వెళ్లితే మరల వేసవికే రాక. పాప ఇచ్ఛాపురములో పెద్దమ్మ ఇంట ఉండి చదువుకొంటున్నది. మా వద్దకు పుస్తకము తెచ్చినది ఆ పెదనాన్నగారే. ఆయన మంచివారు. ఆ పిల్లకు తిండికి, బట్టకు, ఫీజుకు ఎన్నడు లోటు చేయలేదు. ఆ కథలోని పెదనాన్న వంటివారు కానే కారు. అయితే సొంత ఇల్లు కాని ఇంట పెరిగే పిల్లకు తన లోపల ఒక మాట ఉంటుంది. అది ఎవరితోను చెప్పుకొనేది కాదు. ఆ మాట ఎరిగిన నేస్తమును ఆమె ఒక పుస్తకములో కనుగొన్నది. మేము దానిని తీసి బీరువాలో పెట్టాము.

ఎక్కడి ఇంగ్లాండు, ఎక్కడి ఇచ్ఛాపురము? బాహుదా నది ఒడ్డున, ఒడిశా సరిహద్దున ఉన్న ఊరు మాది. హౌరా నుండి చెన్నైకి పోయే రైలుకు ఆంధ్రలో మొదటి స్టేషను. ఇక్కడి పిల్ల చేతికి ఆ పుస్తకము ఎట్లు చేరినది? బదిలీ అయి వెళ్లిన ఒక టీచరుగారు ఇచ్చి వెళ్లారని తరువాత తెలిసినది. మా ప్రశ్న అది మాత్రమే కాదు. ఇంగ్లాండులో పుట్టిన పిల్లల కథలు, ఒకటి కాదు, రెండు కాదు, వరుసగా ఎన్నో పుస్తకములు, లోకమంతట ఎందుకు ఇట్లు తిరుగుతున్నవి? అప్పటి నుండి ఈ సంగతి గూర్చి దొరికినదెల్ల చదివాము.

ఒక కారణము అందరికి తెలిసినదే. ఇంగ్లీషువారి ఓడలు, వారి రైళ్లు, వారి బడులు ఎక్కడెక్కడికి పోయినవో అక్కడికెల్ల వారి భాష పోయినది. భాష వెంట పుస్తకములు పోయినవి. బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉండిన జాన్ బన్యన్‌గారి పుస్తకము 1678లో అచ్చయి, రెండు వందలకు పైగా భాషలలోనికి వెళ్లినది. "యాత్రికుని ప్రయాణము"గా అది మన పెద్దల ట్రంకు పెట్టెలలో ఉండేది. ఆ దారినే పిల్లల పుస్తకములును వచ్చినవి. మన కథల వెనుక అట్టి ఓడలు లేవు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు తెలుగులోను, తమిళములోను మొదలుపెట్టిన "చందమామ" క్రమముగా పన్నెండుకు పైగా భాషలలో వచ్చినది. మన శ్రీకాకుళములో పుట్టిన వడ్డాది పాపయ్యగారు దానికి బొమ్మలు వేశారు. దేశములోని పిల్లలందరు ఎదురు చూచిన ఆ పత్రిక కూడ 2013 ప్రాంతములో ఆగిపోయినది. కథలలో లోపము వలననే అట్లు జరిగినదని మేము అనుకోము.

అయితే ఓడ ఎక్కిన ప్రతి పుస్తకము నిలువలేదు గదా. ఇంగ్లాండులో ఆ కాలములో వేలకు వేలు పిల్లల పుస్తకములు అచ్చయినవి. బుద్ధులు చెప్పినవి, భక్తి నేర్పినవి ఎన్నో ఉన్నవి. వాటిలో అనేకము నేడు ఎవరికిని గుర్తు లేవు. నిలిచినవి ఎట్టివి?

నిలిచినవాటి పుట్టుక చూస్తే మాకు ఒక సంగతి కనబడినది. చాలవరకు అవి లోకము కొరకు వ్రాసినవి కావు. ఒక పిల్లవాని కొరకు వ్రాసినవి. ఆ పిల్లవాడు మంచములో ఉన్నాడు, లేక ఇంటికి దూరమై ఉన్నాడు.

1893 సెప్టెంబరు 4న బియాట్రిక్స్ పోటర్ అను ఆమె ఒక ఉత్తరము వ్రాశారు. ఒకప్పుడు తనకు ఇంటివద్ద చదువు చెప్పిన ఆమె కుమారుడు, అయిదేండ్లవాడు, జబ్బుపడి ఉన్నాడు. ఏమి వ్రాయవలెనో తోచక నాలుగు కుందేళ్ల కథ వ్రాసి, బొమ్మలు వేసి పంపారు. ఆ కథను పుస్తకము చేయుదుమంటే అచ్చువేసేవారు ఒప్పుకోలేదు. 1901లో తన డబ్బుతోనే 250 ప్రతులు వేయించుకొన్నారు. మరుసటి సంవత్సరము ఒక సంస్థ ముందుకు వచ్చినది. తరువాత అటువంటి చిన్న పుస్తకములు వరుసగా వచ్చి ఇరువది మూడు అయినవి. పిల్లల చేతులకు సరిపోవునంత చిన్నవిగా ఉండవలెనని ఆమె పట్టుబట్టారట. ఆ కథలో కుందేలు తండ్రి ఒక తోటమాలి చేతికి చిక్కి కూరైపోయిన సంగతి మొదటనే చెప్పివేస్తారు. దాచలేదు. జబ్బుపడిన పిల్లవానికి అబద్ధము చెప్పరాదని ఆమెకు తెలుసును.

సి. యస్. లూయిస్‌గారి పేరు మన పాస్టర్లలో చాలమంది ఎరుగుదురు. ఆయన వ్రాసిన నార్నియా కథలు ఏడు పుస్తకములు, 1950 నుండి 1956 వరకు వచ్చినవి. 1939లో యుద్ధము మొదలైనప్పుడు బాంబులకు భయపడి లండను నుండి లక్షలాది పిల్లలను పల్లెలకు పంపివేశారు. అట్లు వచ్చిన కొందరు పిల్లలు ఆక్సఫర్డు దగ్గర ఆయన ఇంటిలో ఉన్నారు. తల్లిదండ్రులను విడిచి తెలియని ముసలాయన ఇంటికి వచ్చిన నలుగురు పిల్లలతోనే ఆయన కథ మొదలగును. ఆ కథలు ప్రసంగముగా పుట్టలేదని, పదహారేండ్ల వయసు నుండి మంచులో గొడుగు పట్టుకొని నడచే ఒక వింతజీవి బొమ్మ తన మనస్సులో ఉండేదని, దాని నుండే కథ వచ్చినదని ఆయనే చెప్పారు. మాబోటి ప్రసంగీకులము ఇది గమనించవలసినదే. మేము మొదట నీతి నిర్ణయించుకొని, తరువాత దానికి తగిన కథ వెదకుచుందుము.

హారీ పోటర్ వ్రాసిన రౌలింగు గారి సంగతి కూడ చూశాము. 1990లో మాంచెస్టరు నుండి లండనుకు పోవు రైలు ఆలస్యమైనప్పుడు ఆమెకు ఆ పిల్లవాడు మనస్సులో తోచినాడట. రైలు ఆలస్యమునకు మేము ఎన్నడు అంత మేలు పొందలేదు. భర్త విడిపోయి, చంటిబిడ్డతో, ప్రభుత్వపు సహాయము మీద బ్రతుకుతూ పుస్తకము ముగించారు. పన్నెండుమంది ప్రచురణకర్తలు వద్దన్నారు. ఒక చిన్న సంస్థ యజమాని మొదటి అధ్యాయము తన ఎనిమిదేండ్ల కుమార్తెకు ఇస్తే, ఆ పిల్ల చదివి వచ్చి మిగిలినది ఎక్కడని అడిగినది. 1997 జూన్ 26న వెలువడినప్పుడు గట్టి అట్టతో వేసినవి 500 ప్రతులే. 2007 నాటికి ఏడు పుస్తకములు ముగిసినవి. ఎనుబదికి పైగా భాషలలో, 60 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనవని ప్రచురణకర్తలు చెప్పుచున్నారు. ఏడవ పుస్తకములో ఆ పిల్లవాడు తన తల్లిదండ్రుల సమాధి వద్దకు వెళ్లినప్పుడు దాని మీద చెక్కి ఉన్నది మొదటి కొరింథీ 15:26లోని మాటలని తెలిసినప్పుడు, పుల్పిటు మీద మేము పలికిన మాటలు జ్ఞాపకము వచ్చి సిగ్గుపడ్డాము. ఆ కథలన్నియు మంచివేనని, ప్రతి ఇంట ఉండవలెనని మేము చెప్పుట లేదు. మాయలు, మంత్రములు వాటిలో నిజముగానే ఉన్నవి. దానిని గూర్చి తల్లిదండ్రులు పిల్లలతో కూర్చొని మాట్లాడవలసినదే. మా తప్పు, మాట్లాడకుండ తాళము వేయుట.

మెచ్చుకోలేనివి కూడ ఉన్నవి. ఈనిడ్ బ్లైటన్ అను ఆమె ఏడు వందలకు పైగా పుస్తకములు వ్రాశారు. ఆమె వ్రాసిన నాడీ కథలలో 1951 నాటి ఒక పుస్తకములో, బొమ్మల ఊరిలో కారు దొంగిలించి, పసివాని బట్టలు ఊడదీసినవారు నల్లని బొమ్మలు. తరువాతి అచ్చులలో వారిని మార్చివేశారు. మార్చకముందు ఎన్ని దేశములలో ఎందరు నల్లని పిల్లలు తమ రంగు దొంగల రంగని చదువుకొన్నారో!

అయినను ఆమెకు మేము ఋణస్థులమే. మేము టెక్కలిలో హాస్టలు పిల్లలముగా పెరిగినవారము. ఆ హాస్టలులో, ఎవరు ఇచ్చారో తెలియదు, అట్ట లేని ఒక ఇంగ్లీషు పుస్తకము ఉండేది. పదవ తరగతి అన్న ఒకరు రాత్రి దీపములార్పిన తరువాత, పగలు తాను చదివిన భాగమును తెలుగులో చెప్పేవారు. నలుగురు పిల్లలు, ఒక కుక్క. సెలవులకు వెళ్లి దొంగల జాడ తీస్తారు. పెద్దవారు ఎవరును వారి వెంట ఉండరు. సొరంగములు, దీవి, పాత కోట. మా కడుపులు సగము నిండినవి. ఆ పిల్లలు కథలో ఎంతసేపు చూచినను తింటూనే ఉండేవారు. ఆ తిండి పేర్లు మాకు గాని, చెప్పే అన్నకు గాని తెలియవు. ఆయన వాటిని బొబ్బట్లని, పనసతొనలని మార్చి చెప్పేవారు. పుస్తకము చివర పది పదిహేను పేజీలు ఎవరో చింపివేశారు. దొంగ ఎవరో మాకు నేటివరకు తెలియదు. ఒక్కొక్కరము ఒక్కొక్క ముగింపు చెప్పుకొనేవారము. ఆ పుస్తకములు 1942 నుండి 1963 వరకు ఇరువది యొకటి వచ్చినవని ఇప్పుడు తెలుసుకొన్నాము. అప్పుడు తెలిసి ఉంటే, ఆ దీవికి ఇంకను ఇరువది సార్లు వెళ్లవచ్చునని, ఎంత ఉపశమనముగా ఉండేదో.

వరుస పుస్తకముల బలము అదియే. ఒంటరి పిల్లవానికి క్రొత్త నేస్తము అక్కరలేదు. నిన్నటి నేస్తమే మరల రావలెను. పేరు మారరాదు, ఊరు మారరాదు. మన బేతాళుడు నెలనెలా చెట్టెక్కి కూర్చున్నందుకే గదా చందమామ కొరకు అంతగా కాచుకొన్నాము.

ఇక, మేము వెదకినవారిలో మాకు అందరికంటె దగ్గరైనవారు మా వంటి సంఘ కాపరియే. ఆయన పేరు విల్బర్ట్ ఆడ్రీ. 1911లో పుట్టారు. తండ్రియు పాదిరిగారే, రైళ్లంటే ప్రాణము. వారు బాక్స్ అను ఊరిలో ఉన్నప్పుడు ఇంటికి దగ్గరలోనే పెద్ద సొరంగము, ఎత్తు దారి. గూడ్సు బండి ఎక్కలేకపోతే వెనుక నుండి మరియొక ఇంజను త్రోసేది. రాత్రి పక్కమీద పడుకొని వింటే ఆ రెండు ఇంజనులు ఒకదానితో ఒకటి మాట్లాడుకొన్నట్లు పిల్లవానికి వినబడేది. పెద్దయి పాదిరి అయ్యారు. యుద్ధము పాపమని నమ్మినందుకు యుద్ధకాలములో ఉద్యోగము పోగొట్టుకొన్నారు. చివరకు బర్మింగ్‌హామ్ పట్టణపు సంఘములో సహాయ పాదిరిగా చోటు దొరికినది. అక్కడ ఉండగా 1943లో, ఇంకా మూడేండ్లు నిండని వారి కుమారునికి తట్టు పోసినది. చీకటి గదిలో పడుకోబెట్టారు. పిల్లవాడు ఊరుకోక ఏడ్చేవాడు. ఆయన షెడ్డులో మిగిలిపోయిన ఒక పాత ఇంజను కథ మొదలుపెట్టారు. పిల్లవాడు అడిగాడు: ఆ ఇంజను ఎందుకు విచారముగా ఉన్నది? దాని పేరేమిటి? మరుసటి దినము కథ కొంచెము మార్చి చెప్తే ఒప్పుకోలేదు. నిన్న అట్లు చెప్పలేదన్నాడు. అందుచేత ఆయన చేతికందిన కాగితము ముక్కల మీద వ్రాసుకొనవలసి వచ్చినది. భార్య మార్గరెట్‌గారు పోరుపెట్టి అచ్చువేసేవారికి పంపించారు. 1945లో మొదటి పుస్తకము, 1946లో థామస్ అను చిన్న ఇంజను కథలు. 1972 వరకు ఇరువది ఆరు పుస్తకములు వ్రాశారు. తట్టు పోసిన ఆ కుమారుడే పెద్దయి, తన బిడ్డ కొరకు మరల వ్రాయుట మొదలుపెట్టి, ఆ వరుసను నలుబది రెండుకు తెచ్చారు. 1984లో టెలివిజనులోనికి వచ్చిన తరువాత ఆ ఇంజను ఎరుగని దేశము లేదు.

చదివేవారి ప్రశ్నలకు జవాబుగా ఆ ఇంజనులు ఏ ఊరివో చెప్పవలసి వచ్చినప్పుడు ఆయనకు తోచిన ఉపాయము పాదిరికే తోచును. 1950లో ఆయన మాన్ అను దీవికి వెళ్లారు. అక్కడి బిషపుగారిని "సోడోర్ మరియు మాన్" బిషపు అంటారు. మాన్ దీవి ఉన్నది. సోడోర్ ఏది? పటములో లేదు. సరే, ఆ లేని దీవిని మనమే కల్పించుదుమని, దానికి కొండలు, నదులు, స్టేషనులు అన్నియు తన తమ్మునితో కలిసి వేసుకొన్నారు. ఎక్కడనో ఒకచోట రైలు మార్గము మీద నిజముగా జరిగినదో, జరుగగలిగినదో తప్ప వ్రాయకూడదని నియమము పెట్టుకొన్నారు. 1997లో మరణించేవరకు, పట్టాలు ఒప్పుకోని పని ఇంజను చేత ఎవరైన చేయిస్తే ఆయనకు కోపమే.

ఇది చదివినప్పుడు మాకు నౌపడా జ్ఞాపకము వచ్చినది. టెక్కలి ప్రక్కన, ఉప్పు మడుల మధ్య ఉన్న ఆ స్టేషనులో ఒకవైపు మద్రాసు మెయిలు పోయే పెద్ద పట్టాలు, మరియొకవైపు రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న పట్టాలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న బండి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురము వరకు సాగినది. మా అమ్మగారి పుట్టిల్లు పాతపట్నము దగ్గర. హాస్టలు సెలవులివ్వగానే నాన్నగారితో ఆ బండి ఎక్కేవారము. టెక్కలి, టెంబూరు, పాతపట్నము. ఎత్తు వచ్చినచోట అది రొప్పుతూ ఎక్కేది. దిగి ప్రక్కన నడవవచ్చునని పెద్దలు వేళాకోళము చేసేవారు. 2004లో దానిని ఆపివేసి, పెద్ద పట్టాలు వేసి, 2011 నాటికి గుణుపురము వరకు పెద్ద రైలు నడిపారు. ఎవరికైనను మేలే. చిన్న బండి మీద మాత్రము, మాకు తెలిసినంతలో, పిల్లలకు ఎవరును కథ చెప్పలేదు.

ఆ సంవత్సరము సెప్టెంబరులో ఒక సాయంకాలము పుస్తకము తీసుకొని ఆ పాప ఇంటికి వెళ్లాము. పెదనాన్నగారు కుర్చీ వేశారు. పెద్దమ్మగారు టీ ఇచ్చారు. "తమ్ముడూ, ఈ పుస్తకము చదువకుండ మేము మాట్లాడాము. అది తప్పు. పాపకు తిరిగి ఇచ్చుటకు వచ్చాము" అన్నాము. ఆయన కొంతసేపు నేల చూశారు. "అయ్యగారూ, మీరే ఇట్లంటే నేనేటనగలను?" అన్నారు. ఒప్పుకొన్నారో, నొచ్చుకొన్నారో మాకు తెలియలేదు. పాపను పిలిచారు. ఆమె తలుపు దగ్గరనే నిలిచి పుస్తకము రెండు చేతులతో పట్టుకొన్నది. "క్షమించు తల్లీ" అంటే, "నేను అప్పటికే మూడుసార్లు చదివేశానండి" అన్నది. తరువాత మెల్లగా, "మీరు ఎంతవరకు చదివారండి?" అని అడిగినది. అంతయు చదివామంటే పెద్దమ్మ వైపు చూచి నవ్వు ఆపుకొన్నది. ఆ నవ్వు చూచి పెద్దమ్మగారు, "ఈ పిల్ల ఇంత నవ్వి ఎన్నాళ్లయ్యిందో" అన్నారు.

సండే స్కూలులో వాక్యపాఠము ముగిసిన తరువాత పది నిమిషములు నౌపడా చిన్న ఇంజను కథ చెప్పుట అప్పటి నుండి మొదలుపెట్టాము. సులభమనుకొన్నాము. మొదటి వారమే ఒక బుడతడు లేచి, "దాని పేరేటండి?" అన్నాడు. మేము పేరు అనుకోలేదు. పిల్లలే పెట్టారు, "బుల్లమ్మి" అని. రెండవ వారము దీపము ఆకుపచ్చదన్నాము. "పోయిన వారము ఎర్రదన్నారండి" అని నలుగురు ఒక్కసారే అరిచారు. ఆడ్రీగారు కాగితము ముక్కలు ఎందుకు వెదకుకొన్నారో మాకు అప్పుడు తెలిసినది. ఉప్పు మూటలు, చింతపండు బస్తాలు, పనసకాయలు, పెండ్లివారు, అన్నియు బుల్లమ్మి మీదనే ఎక్కినవి. నీతి చెప్పబోతే పిల్లలు ఆవలించారు. మానివేశాము.

అక్టోబరులో ఒక ఆదివారము కథ మధ్యలో తలెత్తి చూస్తే ఆ పాప తలుపు దగ్గర నిలబడి ఉన్నది. లోపలికి రమ్మని పిలువలేదు. పిలిస్తే వెళ్లిపోవునేమోనని భయము. ఆ దినము బుల్లమ్మి టెంబూరు దాటిన తరువాత వానకు పట్టాల క్రింది మట్టి జారి, ముందుకు పోలేక, వెనుకకు రాలేక ఆగిపోయినది. బండిలో పెండ్లికూతురు ఉన్నది. చీకటి పడుతున్నది. గంట కొట్టారు. మేము కథ ఆపాము.

పిల్లలు లేచి చాపలు లాగుతున్నారు. ఆమె లోపలికి వచ్చి ఒక చాప మడత పెట్టి, మా వైపు తిరిగి, "అప్పుడు ఏటయ్యిందండి?" అని అడిగినది.

"మాకే తెలియదమ్మా. శనివారము రాత్రికి తెలుస్తుందేమో" అన్నాము.

ఆమె సంచిలో నుండి నోటు పుస్తకము తీసి, బుల్లమ్మి ఆగిన చోటు పేరు, దీపము రంగు వ్రాసుకొన్నది.